లివరుకి కాస్త వదులు

నర్సు యూనిఫారంలో ఉన్న అక్క తన చెల్లెలు పనిచేసే మెకానిక్ షెడ్డు ముందు బండి ఆపింది.

"యాక్సిలరేటర్ ఎంత తిప్పినా ఇంజన్ అరుస్తోందే గానీ బండి వేగం అందుకోవడం లేదే! వేరే షెడ్డులో ఇంజన్ విప్పాల్సిందేనన్నారు."

"ఆగక్కా! గేర్లు పడుతున్నాయా?"

"శుభ్రంగా."

"అయితే క్లచ్ జారుతోంది. కేబుల్ ఎవరో మరీ బిగించేశారు, లివరుకి కాస్త కూడా వదులు లేదు. ఇదిగో, వదులు చేశా. ఒక రౌండు కొట్టిరా!"

అక్క వీధి చివరిదాకా వెళ్లి, కేకలేస్తూ తిరిగొచ్చింది.

"దూసుకెళ్తోందే బాబూ!"

"చెప్పానా!"

"ఈ పని నీకెందుకని మూణ్ణెల్లు నీతో మాట్లాడలేదు కదే!"

"ఇప్పుడు మాట్లాడుతున్నావుగా. పో, డ్యూటీకి టైమవుతోంది."

"పోతాలే. సాయంత్రం మా నర్సులందరి బళ్లూ తోలుకొస్తా, కాసుకో!"