చప్పుడు లేని మిషను

హలో… ఆ, నేనే బావా. చెప్పండి, చెప్పండి. షాపు దొరికిందా?

…

ఒక్క నిమిషం ఉండండి, పెరట్లోకి వస్తున్నాను. మీ అక్కకి ఇప్పుడే కాస్త కునుకు పట్టింది. …రాత్రుళ్లు ఎక్కడ పడుకుంటుందండీ. పగలే ఇలా, సోఫాలో ఒరిగిపోతుంది.

ఆ, ఇప్పుడు చెప్పండి.

…ట్రెడ్‌మిల్లా? వద్దండి. ఆ షాపాయన ఏం చెప్పినా వద్దు. ఆఫరున్నా వద్దు. నేను మీకు ఎలిప్టికల్ అని చెప్పాను కదా. …అదే, రెండు పెడల్స్ మీద నిలబడి, చేతుల్తో కడ్డీలు ఊపుకుంటూ నడిచేది. అడుగు పైకి లేవదు. మోకాళ్ల మీద దెబ్బ పడదు. డాక్టరమ్మ గారు అదే కొనమన్నారు.

…షుగరా? బాగా పెరిగిపోయింది బావా. మందులు మార్చారు. "నడక లేకపోతే నా మందులేం చేస్తాయమ్మా" అని ముఖం మీదే అనేశారు డాక్టరమ్మ. మీ అక్క తల వంచుకుని కూర్చుంది.

…బయటికా? మీకు తెలీనిదేముంది. మా సుప్రజ పోయిన దగ్గర్నుంచి గేటు దాటలేదు. పిల్ల కార్యాలు అయ్యాక మీరు రాజమండ్రి వెళ్లిపోయారే, అప్పటికీ ఇప్పటికీ అంతే. హాస్పిటల్‌కి కూడా కారు గుమ్మం ముందు పెడితే ఎక్కుతుంది. కళ్లు మూసేసుకుంటుంది. భీమవరం ఊళ్లోకి వచ్చాక తెరుస్తుంది.

…ఆ కాలవ రోడ్డు మీదుగానే కదండీ వెళ్లాలి. ఇంకో దారేది?

…ట్రెడ్‌మిల్ ఒకటి పెట్టి చూశాం బావా. మీకు చెప్పలేదు. పక్కింటి ఆశాజ్యోతి గారు, మేం వాడట్లేదు ఉంచుకోండని పంపించారు. హాల్లో పెట్టాం. మీ అక్క బానే ఎక్కింది. నేను టీ తాగుతూ చూస్తున్నాను, పోనీలే, నడుస్తోంది అనుకున్నాను. కాసేపటికి వెనక్కి చూసింది. మళ్లీ చూసింది. ఆ తర్వాత ఒళ్లంతా వెనక్కి తిప్పేసింది… బెల్టు లాగేసింది.

…లేదు లేదు, పట్టుకున్నాను. మోకాలు దోక్కుపోయింది, అంతే.

ఏమైందంటే చెప్పదు. సాయంత్రానికి చెప్పింది. బెల్టు మీద అడుగుల చప్పుడు వస్తుంది కదండీ, టపా టపా… అవి తన అడుగుల్లా లేవంట. వెనకాల పిల్ల నడిచి వస్తున్నట్టుందంట.

…బావా? ఉన్నారా?

…మీరు మా ఇంటికొచ్చినప్పుడు చూసేవారు కదా. పొద్దున్నే ఇద్దరూ కాలవ గట్టు మీదకి నడకకి బయల్దేరేవారు. ఎప్పుడూ మీ అక్క ముందు, పిల్ల వెనక. ఫోను చూసుకుంటూ, చెప్పులీడ్చుకుంటూ. ఈవిడ వెనక్కి తిరక్కుండానే తిట్టేది, రావే, త్వరగా రావే అని.

…ఆ రోజూ అంతే.

…అవును బావా. మీకెవరికీ చెప్పలేదు. పోలీసులకి కూడా చెప్పలేదు. ఆ చేపల మేత లారీ డ్రైవరుదే తప్పు, వాడు నిద్రలో జోగుతున్నాడు, అది వేరే సంగతి. కానీ మీ అక్క అప్పటికే రోడ్డు దాటేసింది. దాటేసి, త్వరగా రావే అంది. పిల్ల పరిగెత్తింది.

…

"ఏనాడూ నా మాట వినని పిల్ల, ఆ రోజే విన్నదండీ" అంటుంది. అదొక్కటే మాట. అన్నం దగ్గర కూడా అదే.

…నేనేం చెప్తాను? …చెప్పాను. నీ తప్పు కాదే అని చెప్పీ చెప్పీ నా నోరు ఎండిపోయింది. చెవికెక్కితే కదా.

…

సరే. …సరే బావా. మిషను చూద్దాం.

…రెండు రకాలున్నాయా? చిన్నది వద్దేమో. మీ అక్కది మీ నాన్నగారి పొడుగు కదా. చిన్నదాంట్లో అంగ సాగదట, కాళ్లు కట్టేసి నడిపించినట్టుంటుందట. …మీరే ఎక్కి చూడండి. మీదీ మీ అక్కదీ ఒకటే పొడుగు. …సిగ్గేంటండీ, పంచె కట్టుకుని ఏమన్నా వెళ్లారా? ఎక్కండి. ముందు కడ్డీ పట్టుకోండి.

ఎలా ఉంది? …మోకాలు కడ్డీకి తగులుతోందా? అయితే అది కాదు. దిగి పెద్దది ఎక్కండి.

…ఆ. …ఉయ్యాల ఊగినట్టుందా? మంచిది. మరీ గట్టిగా తొక్కకండి, మీకసలే బీపీ. …దిగకండి, దిగకండి. కాసేపు తొక్కితేగానీ మిషను కదులుతుందో నిలకడగా ఉంటుందో తెలీదు.

ఫోను ఆ షాపాయనకిచ్చి కింద చక్రం దగ్గర పెట్టమనండి. మీరు తొక్కుతూ ఉండండి.

…

హలో? …తొక్కుతున్నారా? …ఫ్యాను వినిపిస్తోంది. బయట ఏదో ఆటో… మిషను ఏది? …తొక్కుతూనే ఉన్నారా? అయితే ఏమీ వినపడట్లేదు బావా. అస్సలేమీ లేదు. అదే. అదే కావాలి నాకు. ఇక ఫోను మీరు తీసుకోండి.

…ఎక్కడ పెడతామా? అదే ఆలోచిస్తున్నాను. హాల్లో కుదరదు. ఎక్కితే మనిషి పైకి లేస్తుంది కదా, ఫ్యాను తలకి తగులుతుంది. సుప్రజ గదిలో అయితే ఫ్యాను గోడకుంది. …అవును, ఆ గదిలోనే. …ఇంకా అడగలేదు. మంచం తీయాలి. మంచం తీయాలంటే దుప్పటి తీయాలి. ఆ దుప్పటి మీ అక్క ఉతకనివ్వట్లేదు బావా.

…

ఉండండి… ఉండండి. తలుపు దగ్గర… నరసమ్మా? లేచావా? …మీ తమ్ముడే. భీమరాజు బావ. రాజమండ్రిలో షాపుకెళ్లారు. నీకు నడిచే మిషను… ట్రెడ్‌మిల్ కాదు, వేరేది. …ఎప్పట్నుంచి నిలబడ్డావక్కడ?

…ఆ. పిల్ల గదిలో అనుకున్నాను. నీకిష్టం లేకపోతే వద్దు.

…చప్పుడా? రాదు. అస్సలు రాదు. ఇప్పుడే ఫోన్లో విన్నాను. నువ్వు భయపడక్కర్లేదు.

…ఏంటి?

…మళ్లీ చెప్పు.

…

బావా… ఉన్నారా? మీ అక్క… చప్పుడు లేకపోతే ఎలాగండీ అంటోంది. ఆ చప్పుడు కోసమే మళ్లీ ట్రెడ్‌మిల్ ఎక్కుదామనుకుందట. నేను మర్నాడే పక్కింటికి పంపించేశాను. అడగలేక ఊరుకుందట. నేను భయమనుకున్నాను బావా. భయం కాదట. వెనక్కి చూస్తే కనపడదు గానీ… చూడకుండా నడిస్తే, పిల్ల ఉన్నట్టే ఉందట.

…

…లేదండి, ట్రెడ్‌మిల్ పంపించకండి. ఈ మోకాళ్లతో దాని మీద ఎక్కనివ్వను. …నరసమ్మా, ఎక్కనివ్వను. ఆ ఒక్కటీ అడక్కు. …నువ్వు కూడా పోతే నేనేమైపోను?

…కూర్చో. ముందిలా కూర్చో, ఈ మెట్టు మీద.

…ఒక పని చేద్దాం. విను. నువ్వు ఈ కొత్త మిషను ఎక్కు. వెనకాల నేను నడుస్తాను. ఆ గదిలోనే, గుమ్మం దగ్గర్నుంచి కిటికీ దాకా. చెప్పులేసుకుని. …ఆ, ఈడ్చుకుంటూనే. …నువ్వు మాత్రం తిరిగి చూడకు. చూస్తే నేనే కదా ఉంటాను.

…తిట్టు. నీకెలా అనాలనిపిస్తే అలా అను. త్వరగా రావే అను. నేను త్వరగా రాను. మెల్లగానే వస్తాను.

…

…ఏడ్చెయ్. పర్లేదు, ఏడ్చెయ్.

…బావా. విన్నారా? …పెద్దదే తీసుకోండి. బిగించడానికి వాళ్ల మనుషుల్నే రమ్మనండి. మంచం నేను తీసేస్తాను. …ఏంటే? …సరే. ఇద్దరం తీస్తామంటోంది బావా. దుప్పటి తనే మడత పెడుతుందట.

…బావా, మీరు కూడా ఏడుస్తున్నారా? షాపులో అందరూ చూస్తారు. …ఇంకా దాని మీదే ఉన్నారా? దిగండి ముందు. …కడ్డీ వదలకండి. ఒక కాలు నేల మీద ఆనాక రెండోది తీయండి. …మెల్లగా.

దిగారా?

…సరే. ఉంటానండి.