ప్రపంచ పేదరికాన్ని సగం చేసిన దూలయ్య

ప్రపంచంలో పేదరికాన్ని సగానికి తగ్గించాలని తీర్మానం చేసింది ఎవరని ఎక్కడెక్కడో వెతక్కండి. ఆ పని చేసింది మా తునికిగూడెం దూలయ్య. సాక్ష్యం కావాలంటే దూలయ్యనే అడగండి. ఆయనకంటే గట్టిగా చెప్పే సాక్షి ఇంకొకరు దొరకరు.

అది 2007 ఎండాకాలం, తునికాకు కోత అయిపోయిన వారం. భద్రాచలం నుంచి పొద్దుటి బస్సులో కళావతి మేడం దిగింది. పేదల జాబితాను మళ్లీ సరిచూడటానికి వచ్చింది. ఊరంతా మోయిజ్ చాయ్ హోటల్ ముందు పందిరి కింద చేరింది. పద్ధతి సులువే. జాబితాలో పేరు లేనివాళ్లు లేచి నిలబడి "మాది నిరుపేద ఇల్లు" అని తమ నోటితో చెప్పాలి. కార్డు ఎవరి పేరున ఉంటే వాళ్లే చెప్పాలి, పెళ్లాం తరఫున మొగుడు, మొగుడి తరఫున పెళ్లాం చెబితే చెల్లదు. ఊరు ఒప్పుకుంటే చేతులెత్తుతుంది, మేడం పేరు రాసుకుంటుంది.

ముందుగా లచ్చయ్య లేచాడు. "నీకు జత ఎడ్లున్నయ్ గదనే" అని ఒకరు, "అండ్ల ఒకటి కుంటిది" అని ఇంకొకరు. పావుగంట రభస అయ్యాక సగం చేతులే లేచాయి. తర్వాతి పేరు దూలయ్యది.

నిరుటి గోదావరి వరదకు ఆయన ఇంటి పడమటి గోడ కూలిపోయింది. ఆ వైపు టార్పాలిన్ పట్టా కట్టుకుని ఏడాదిగా కాపురం చేస్తున్నారు. ఇంకో మూడు వారాల్లో వానలు మొదలవుతాయి. జాబితాలో పేరుంటే కొత్త ఇల్లు మంజూరవుతుంది, లేకపోతే మళ్లీ ఆ పట్టాయే గతి.

పేరు లేకపోవడానికి ఎవరినీ తిట్టుకునే వీలు కూడా లేదు. అంతా ఆయన చేతి చలవే. నాలుగేళ్ల కింద ఇదే పందిరి కింద ముగ్గుతో ఊరి పటం వేశారు. ఇంటికో గడి. ఎవరికి ఎన్ని ఉంటే అన్ని చింతగింజలు వాళ్ల గడిలో పెట్టాలి. ఎద్దుకొకటి, మేకకొకటి, ఎకరానికొకటి. లోకంలో పేదరికం ఎట్లా తగ్గుతోందో చూద్దామని వచ్చిన ఫారిన్ వాళ్లు కెమెరా పట్టుకుని నిలబడ్డారు. పక్కనే బావమరిది పగిడయ్య ఉన్నాడు. అంతమంది ముందు ఖాళీ గడి చూపించడానికి దూలయ్యకు మనసొప్పలేదు. గుప్పిట నిండా తీసి పోశాడు. ఇరవై రెండు గింజలు! చాయ్ హోటలూ చింతపండు వ్యాపారమూ ఉన్న మోయిజ్ పెట్టుకున్నవి పద్నాలుగే. ఊరు నవ్వింది, అదేదో ఆట అనుకుంది. పటం కాగితమెక్కింది, కాగితం ఆఫీసుకెక్కింది, దూలయ్య ఊళ్లోకెల్లా పెద్ద షావుకారు అయి కూర్చున్నాడు. తెల్ల రేషన్ కార్డు పోయి, ఉన్నవాళ్లకిచ్చే గులాబీ కార్డు వచ్చింది.

పొద్దున ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు భార్య భీమక్క ఒకటే చెప్పింది. "మూడు మాటలు. గంతే. నాలుగో మాట మాట్లాడినవంటే నీకూ నాకూ పంచాయితే."

"చెప్పండి దూలయ్య గారూ," అంది మేడం.

దూలయ్య లేచాడు. మూడు మాటలూ నాలుక దాకా వచ్చి అక్కడే ఆగిపోయాయి. ఎదురుగా ఊరంతా ఉంది, పగిడయ్య పళ్లికిలిస్తూ చూస్తున్నాడు. దూలయ్య నోరు దూలయ్య మాట ఏనాడు విన్నది గనుక?

"చెప్త మేడం. గని ముందుగాల ఒక చిన్న ముచ్చట చెప్పాలె," అన్నాడు.

భీమక్క నుదురు కొట్టుకుంది.

"నాలుగేండ్ల కింద గా ఫారినోళ్ల జీపు మన వాగుల దిగబడలే? తీసిందెవరు? నేనే."

"నేను సుత తోసిన గదా బావా," అన్నాడు పగిడయ్య.

"తోసినవ్, కాదన్ననా? నేను ఎన్కకెళ్లి తోసిన, నువ్వు ముందటికెళ్లి తోసినవ్. నీ బలానికి సుత నేనే ఎదురు ఆనాల్సి వచ్చె."

పందిరి కింద నవ్వులు లేచాయి. మేడం కూడా నవ్వింది. ఆ నవ్వు చూడగానే దూలయ్యకు గోడ సంగతి మరుపున పడింది.

"ఎంత తోసినా కదల్లే. ఇగ లాభం లేదని కిందికి దూరి జీపును భుజాన ఎత్తుకున్న. లోపల ఆరుగురు, డ్రైవర్‌తోని ఏడుగురు. దిగండ్రి అంటే దిగరు, బూట్లు తడుస్తయంటరు. అట్లనే వాగు దాటిన. తీరా చూస్తే ఏముంది, డ్రైవర్ ఇంజను బందు చెయ్యలే! చక్రాలు గిర్రున తిరుగుతుంటే గా గాలికి నా తలరుమాలు లేసిపోయి అశ్వారావుపేట పామాయిల్ తోటల పడ్డది."

"అయితే గెలలు కాసిందా?" అన్నాడు లచ్చయ్య.

"పోయి చూసుకో. అటెన్క ఏమైందో ఎరుకేనా? అండ్ల పెద్దాయన, ప్రపంచంల పేదోళ్లందరి ఫైలు గాయన చేతులనే ఉంటది, నన్ను పట్టుకొని 'దూలయ్యా, నీ అసుమంటోడు లేకనే మా మీటింగుల పని తెగుతలేదు' అన్నడు."

"ఏ భాషల అన్నడు భాయ్?" అని అడిగాడు మోయిజ్, చాయ్ వడకడుతూ.

"మొదలు ఇంగ్లీషులనే. ఒక దొప్పెడు ఇప్పసారా తాగిపిచ్చిన. రెండో దొప్పకు తెలుగొచ్చింది. మూడో దొప్పకు మన కోయమాట మాట్లాడబట్టె. నాలుగోది నేనే ఇయ్యలే. ఇస్తే ఇగ వాళ్ల దేశం పోనంటడు, పిల్లనెవరిస్తరని అడుగుతడు. సరే, ఇద్దరం భద్రాచలం కాడ లాంచి ఎక్కినం. పాపికొండలు దాటినం, రాజమండ్రి దాటినం, సముద్రం వచ్చింది. లాంచోడు నా డ్యూటీ ఈడికే అన్నడు. దిగి నడుసుకుంట పోయినం."

"సముద్రంలనా?"

"అవ్. మన గోదారి వరద చూసినోనికి సముద్రం ఒక లెక్కనా?"

వరద అన్న మాటకు భీమక్క తలెత్తి చూసింది. దూలయ్య ఆ చూపు తప్పించుకుని గొంతు ఇంకాస్త పెంచాడు.

"అమెరికా గేటు కాడ కాయిదాలు చూపియ్యమన్నరు. నా కాడ ఏముంటయ్? జేబుల గులాబీ కార్డుంటే తీసి చూపిచ్చిన. షావుకారు వచ్చిండని లేసి సలాం కొట్టిండ్రు."

"గప్పటికి నీది తెల్ల కార్డే గదా బావా?" అన్నాడు పగిడయ్య.

"తెల్లదే. సముద్రంల తడిసి రంగు మారింది."

ఈసారి నవ్వుకు హోటల్ రేకులు అదిరాయి. దూలయ్యకు మాత్రం లోపల కలుక్కుమంది. తన పుండు తానే గోక్కుంటున్నానని తెలుసు. ఇక్కడ ఆపి ఆ మూడు మాటలు అనేస్తే సరిపోతుందనీ తెలుసు. కానీ ఇంతమంది నవ్వుతుంటే ఎట్లా ఆపడం?

"లోపలికి పోతే పెద్ద హాలు. దేశదేశాల రాజులు, మంత్రులు. పేదరికం ఎంత తగ్గియ్యాలె అని బేరం నడుస్తుంది. ఒకడు పావు అంటడు, ఒకడు మొత్తం అంటడు. వారం నుంచి తెగుతలేదంట. నాకు మండింది. ఏందయ్యా, సంతల చింతపండు అమ్ముకునే మా భీమక్కకు ఉన్న అకల్ మీకు లేకపాయె! పావు కాదు, మొత్తం కాదు, సగం. మాట ఖతం! అని బల్ల మీద ఒక్కటి గుద్దిన. బల్ల సరీగ రెండు ముక్కలైంది. సగం అంటే ఎంతనో అందరికీ అప్పుడు అర్థమైంది."

"దేశాలన్నీ కలిసి చేసిన ఆ తీర్మానానికి 2015 కల్లా అని గడువు పెట్టిందెవరు మరి?" కళావతి మేడం పెన్ను పక్కన పెట్టి అడిగింది.

"నేనే మేడం! వాళ్లు మరుసటేడే అన్నరు. ఆగుండ్రి, మరుసటేడు మాకు తునికాకు మస్తుగొస్తది, తీరిక దొరకది అన్న."

"ఆ తీర్మానంలో లక్ష్యాలు ఎనిమిదే ఎందుకు పెట్టారు?"

"గది నా తప్పే, ఒప్పుకుంటున్న. ఆకలి, బడి, తల్లి పాణం, బిడ్డ పాణం, అడవి, నీళ్లు అనుకుంట వేళ్లు మడుస్తున్న. రెండు వేళ్లకు గోరుచుట్టు లేసి కట్టు కట్టుకొని ఉన్న. ఇగ మిగిలినయి ఎనిమిదే గదా? నాకు గోరుచుట్టు లేకపోతే ప్రపంచానికి ఇంకో రెండు మంచి పనులు అయ్యేటియి."

మేడం నవ్వలేక కళ్లు తుడుచుకుంది. ఇక దూలయ్యకు పట్టపగ్గాల్లేవు.

"అడవి నరకకుండ పొయ్యెట్ల మండాలె అన్నరు. ఒక పొయ్యి కట్టి చూపిచ్చిన. పొద్దుగాల ఒక కట్టె పెడితే అన్నం ఉడుకుతది. పొగ పైకి పోతది, పైన చల్లారి మళ్ల కట్టె అయి పొయ్యి పక్కనే పడ్తది. మాపటికి గదే కట్టె. గా ఒక్క కట్టెతోని అమెరికోళ్లు ఇప్పటికీ వండుకుంటుండ్రు. ఇగ ఆఖరుకు ఏమైందో ఎరుకేనా? నేల మీద ప్రపంచ పటం ముగ్గేసిండ్రు. దేశానికో గడి. ఓడనిండ చింతగింజలు తెప్పిచ్చి, దూలయ్యా, నీ చేతితోనే పెట్టు అన్నరు. ఇగ చూడుండ్రి! ఆఫ్రికాకు గంపెడు, మన దేశానికి బండెడు, ఒక్క గడి ఖాళీ ఉంచలే. గింజ పడ్డకాడ బర్రె లేస్తది, గింజ పడ్డకాడ ఇల్లు లేస్తది! సగం అని రాసుకున్నరు గదా, పొద్దుగూకే వరకు మొత్తం అయిపాయె. పేదోడంటే చూద్దామంటే ఒక్కడు లేడు! పెద్దాయన నా కాళ్ల మీద పడి ఒకటే ఏడుసుడు. 'దూలయ్యా, ఇగ మా నౌకరీలు పోయినట్టే గదా!' అని."

దూలయ్య రెండు చేతులూ చాపి, రొప్పుతూ నిలబడ్డాడు. జనం తొడలు చరుచుకుని నవ్వుతున్నారు. పొద్దుటి నుంచి నవ్వని మనిషి ఒక్కతే ఉంది. ఆమె ఇప్పుడు లేచింది.

"అందరిండ్లల్ల పెట్టినవ్," అంది భీమక్క. "మనింట్ల ఎన్ని పెట్టినవో గది చెప్పు."

నవ్వులు ఆగిపోయాయి. దూలయ్య చేతులు వాటంతట అవే కిందికి దిగాయి. మేడం సంచిలోంచి పాత కాగితం తీసి చూసింది.

"ఇరవై రెండు. ఏంటివి ఇవన్నీ?" ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉంటే దానికి తగ్గ జవాబు దూలయ్య దగ్గర ఉండేది.

"రెండు ఎడ్లకు," అన్నాడు చివరికి. "గప్పటికే అమ్మి ఏడాది అయింది."

"ఇంకా?"

"ఆరు మేకలకు. మా అన్న సమ్మయ్యయి. మా ఇంటి ముందటికెళ్లే మేతకు పోతయ్."

సమ్మయ్య తల వంచుకున్నాడు.

"నాలుగు పొలానికి. గది కౌలుకు చేసిన పొలం. ఒకటి రేడియోకు. గది పలకది."

"మిగిలిన తొమ్మిది?"

"గప్పుడే కెమెరా నా దిక్కు తిరిగింది మేడం. చెయ్యి ఆగలే."

ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండునని దూలయ్యకు అనిపించింది. ఇంత సిగ్గు ఆయన బతుకులో ఎన్నడూ పడలేదు.

"మరి నిజంగా మీకున్నదేంటి?"

దూలయ్య వేళ్లు మడవసాగి మూడో వేలి దగ్గర ఆగాడు.

"మూడు గోడలు," అన్నాడు. ఆ పైన ఊపిరి పీల్చుకుని, ఎవరి ముఖమూ చూడకుండా, "మాది నిరుపేద ఇల్లు," అన్నాడు. అంత చిన్న గొంతు ఆయనకు ఉందని తునికిగూడేనికి ఆనాడే తెలిసింది.

మేడం ఊరి వైపు తిరిగి, "మీరేమంటా..." అంది. ఆ మాట పూర్తికాక ముందే చేతులన్నీ లేచాయి. లచ్చయ్య చెయ్యి లేచింది, సమ్మయ్య చెయ్యి లేచింది, మోయిజ్ చాయ్ గ్లాసుతోనే చెయ్యెత్తాడు, పగిడయ్య రెండు చేతులూ ఎత్తాడు. కుంటి ఎద్దు గురించి పావుగంట కొట్లాడిన ఊరు ఇప్పుడు కిమ్మనలేదు.

దూలయ్య అందరినీ కలయజూశాడు. ఒక్క ముఖంలోనూ ఆశ్చర్యం లేదు. నాలుగేళ్లుగా తాను దాచిపెట్టుకున్నదేదో వీళ్లందరికీ మొదటి రోజు నుంచే తెలుసు. ఇల్లు వస్తుందన్న సంతోషం ఇంకా లోపలికి దిగలేదు, అంతకు ముందే ఆయనకు రోషం పొడుచుకొచ్చింది.

"ఏందిరా ఇది? ఒక్కడన్నా కాదు అనకపోతిరి! నాలుగేండ్ల సంది గొంతు చించుకుంటున్న, ఇంతమందిల ఒక్కడంటే ఒక్కడు నన్ను నమ్మలేదా?"

పగిడయ్య నవ్వాపుకోలేక చేతులు దించబోయాడు.

"దించకుండ్రి!" అని భీమక్క కేకేసింది. "మేడం ఇంకా పేరు రాయలే."