బంగారిని పిలిచిన గొంతు

హలో… ఆ, నేనే. రికార్డు కాదులేరా బామ్మర్దీ, ఊపిరున్న మనిషినే!

…

ఏం, పనిలో ఉన్నావా? కానిచ్చుకుని రా. నాకేం తొందర, సెలవు మీదున్న మనిషిని.

… ఆ, వచ్చేశా. చెల్లెలింట్లో ఉండి మోకాలికి విశ్రాంతి ఇమ్మన్నారుగా మీ జూ డాక్టరుగారు! ఎంత ప్రేమో. నాకు మోకాళ్ళున్న సంగతి ఆయనకి ఇన్నేళ్ళకి తెలిసింది.

పొద్దున్నే నేరుగా గిబ్బన్ కోతుల బోను దగ్గరికే వెళ్ళా. నల్లోడొక్కడే పైతాడు పట్టుకుని వేలాడుతున్నాడు. వాడి జోడు బంగారి లేదు.

…

ఎవరు చెబితే నీకెందుకు? పళ్ళు కోసే ఆవిడ చెప్పింది. కత్తి పక్కన పెట్టి మరీ చెప్పింది పాపం.

ఇప్పుడు నువ్వు చెప్పు. నీ నోటితోనే వింటా. దాన్ని తీసుకెళ్ళడానికి పెట్టె తెచ్చి బోను తలుపుకి ఆనించారు — తర్వాత?

… ఊ. ఎక్కలేదు.

… అరటిపండుకీ ఎక్కలేదు. అదేమన్నా తిండిపోతా, నీలాగా! ఊ… అప్పుడు జేబులోంచి ఫోను తీశావు.

తీసి, నా గొంతు పెట్టావు.

…

ఇప్పుడు గుర్తొస్తోందిరా. మొన్న మా ఇంట్లో భోంచేసి, చెయ్యి తుడుచుకుంటూ, "బావా, బంగారిని ఎలా పిలుస్తావో ఒక్కసారి అను, పిల్లలకి వినిపిస్తా" అన్నావు. మీ అక్క కూడా నవ్వింది. నేనేమో నాటకాల్లో వేషం దొరికినట్టు లేచి నిలబడి, "దా తల్లీ, దా దా, నాన్నొచ్చాడు" అన్నాను. ఫోన్లో సరిగ్గా పడలేదన్నావని రెండోసారి ఇంకా ముద్దుగా అన్నాను!

…

ఆగు. డాక్టరుది తప్పని నేననలేదు. నల్లోడి రక్తం పరీక్ష చేయించారు, వాడి తల్లిదో జాతి, తండ్రిదో జాతి అని తేలింది. వాడితో పిల్లలు పుడితే బంగారి జాతి కలగాపులగం అయిపోతుంది. అసలే లోకంలో గుప్పెడున్నాయి. దానికి సొంత జాతిలో జోడు చూడాలి… అవునయ్యా, ఒప్పుకుంటున్నా! నాతో చెబితే నేనే పంపేవాణ్ణి. పెట్టెని ముందే బోనులో పెట్టించి, అందులోనే తిండి పెట్టి, అలవాటు చేసి, దాంతోపాటు నేనూ లారీ ఎక్కేవాణ్ణి.

… ఒప్పుకోననుకున్నారా? ఎవరు అనుకున్నది?

… సరిగ్గా చెప్పు. డాక్టరా, నువ్వా?

…

నువ్వా. "మా బావ అడ్డం పడతాడు, ఆయన్ని ఊరికి పంపెయ్యండి, ఆయన గొంతు నా దగ్గరుంది" అని… నువ్వే చెప్పావా ఆయనకి.

… లేదులే, నిన్ను ఈ పనిలో పెట్టించింది నేనేనని దెప్పను. … దెప్పానా? సరే, దెప్పాను. ఏం చేస్తావు?

ఒరేయ్, జనానికి నేను కోసే కోతలు నీకు తెలుసుగా. బంగారి ఒకసారి ఎంత జోరుగా దూకిందంటే నీడ ఈ కొమ్మ మీదే ఉండిపోయింది, అది వచ్చి తీసుకెళ్ళేదాకా నేనే కాపలా కాశానని! పుట్టినప్పుడు పసుపు, తర్వాత నలుపు, ఈడొచ్చాక మళ్ళీ బంగారం… అదంతా నేనే దగ్గరుండి అద్దకం వేయించానని! అందరికీ చెప్పాను. దానికి మాత్రం ఒక్క అబద్ధం చెప్పలేదురా. పండుందంటే చేతిలో పండుండేది. వచ్చానంటే ఎదురుగా ఉండేవాణ్ణి. నా గొంతుతో దానికి మొదటి అబద్ధం చెప్పింది నువ్వు.

…

ఏడవకు. ఆ కొత్త జూలో ఎలా ఉందో చెప్పు, దాంతోపాటు లారీలో వెళ్ళావుగా. … ఇంకా పెట్టెలోనేనా? కొత్త బోనులో తలుపు తీసినా బయటికి రాలేదా?

… మళ్ళీ నా రికార్డు పెట్టావూ! పెడితే?

… వీపు తిప్పుకుని కూర్చుంది.

బాగా అయింది. నీకు కాదు, నాకు.

… నేను పిలవాలా? ఫోన్లోంచా? పిలవను. చచ్చినా పిలవను. వస్తే మళ్ళీ నేనుండనుగా అక్కడ! వాళ్ళనే ఓపిక పట్టమను. పైన తాడు కట్టమను, తిండి ఎత్తులో పెట్టమను, మీరంతా కనపడకుండా పొండి. దానంతట అదే వస్తుంది.

ఏమిట్రా, నా మాట నాకే తిరిగొస్తోంది, బావిలోకి అరిచినట్టు? … సిగ్నలా? ఊ.

ఇక్కడ నల్లోడి సంగతి విను. రోజూ ఇద్దరూ కలిసే కదా పాట. ఈ పొద్దునా మొదలెట్టాడు. తన వంతు పాడి, అది అందుకోవాల్సిన చోట ఆగాడు. చెవి అటు పెట్టి చూశాడు. మళ్ళీ మొదట్నుంచి… మళ్ళీ అక్కడే ఆగాడు. వాడికెవరు చెబుతారు, నీ రక్తం కుదరలేదని? నేను బోను ముందే కూర్చున్నాను. నా తల్లి బంగారి ఉంటే ఈపాటికి —

ఏమిటా చప్పుడు?

… కాదు, చువ్వ మోగింది. ఎవరక్కడ?

ఒరేయ్. నువ్వెక్కడున్నావు?

… బోను దగ్గరా. ఫోను… స్పీకర్లో పెట్టావా? ఎప్పట్నుంచి?

… నిన్ను తిడుతున్నప్పట్నుంచీ! పెట్టెకి ఎదురుగానే ఫోను పట్టుకున్నావా!

… వచ్చిందా. బయటికి వచ్చేసిందా.

పెట్టె తలుపు వెనక నుంచి వేసేశారా? … వేసేశారు. సరే. అయిపోయింది. రెండోసారి కూడా నా చేతే చేయించావు. తిట్టే తిట్టు కూడా వదల్లేదురా నువ్వు.

…

మా ఇంటికి రాకు. మీ అక్కకి నేను చెప్పుకుంటా.

… ఏం చేస్తోంది ఇప్పుడు?

… చువ్వల్లోంచి చెయ్యి చాపి… ఫోను వెనక తడుముతోందా…

… ఇంకా?

… వద్దు, దాని చెయ్యి తొయ్యకు. నా మాట వినపడినంతసేపూ వెతుకుతూనే ఉంటుంది. నేనే మాట ఆపాలి.