ఈశ్వరప్రసాద్ ఇంటి వేడి

ఆస్ట్రేలియాలోని గంగాలిన్‌లో జూలై చలి ఎముకలు కొరికేస్తున్నా, శేషాద్రి ఇంట్లో టీ తాగుతున్న ఈశ్వరప్రసాద్ నోటికి మాత్రం చలి తగల్లేదు.

శేషాద్రి ఇంట్లో గ్యాస్ బాయిలర్ ముసలిదైపోయింది. నీళ్ళు కాచి గదులకు పంపాలంటే ఆయాసపడుతోంది. దాని స్థానంలో, బయటి గాలిలోని వేడిని లాగి ఇంట్లోకి పంపే కరెంటు హీట్ పంప్ పెట్టిద్దామంటే ప్లంబర్ వచ్చే నెల దాకా రానన్నాడు. వాడెందుకు, శనివారం నేనొచ్చి మార్చేస్తానని ఈశ్వరప్రసాద్ మాటిచ్చేశాడు. శేషాద్రి దానికి తలూపిన దగ్గర్నుంచీ అతని భార్య కౌసల్యకు దిగులు పట్టుకుంది. పిల్లలున్న ఇల్లు, గ్యాసుతో ఆటలేమిటని ఆమె భయం.

"మా పాత బాయిలర్ నేనే విప్పాను శేషాద్రీ. ఒక్క స్పానర్‌తో, అంతే."

గ్యాస్ పనికి లైసెన్స్ ఉండాలి కదా అని పక్కింటి హనుమయ్య అడిగాడు.

"లైసెన్స్ ఉన్నవాళ్ళే ఇద్దరొచ్చారండీ. గోడకున్న బాయిలర్ ఊడలేదు, సారీ మేట్ అని చేతులెత్తేశారు. అప్పుడు నేను దాన్ని ఒంటిచేత్తో ఊడబెరికి, వీధి చివరిదాకా మోసి దించొచ్చాను. రెండో చేతిలో టీ కప్పు ఉంది, చుక్క తొణికితే ఒట్టు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

తెలియదన్నట్టు చూశాడు శేషాద్రి. ఆఫీసులో ప్రతి లైనూ రెండుసార్లు చెక్ చేసే మనిషి, ఈశ్వరప్రసాద్ మాటంటే మాత్రం కళ్ళకద్దుకుంటాడు.

"హీట్ పంప్ బిగించి స్విచ్ వేశానా, ఇల్లు వేడెక్కింది, అది సరే, ఆ వేడి గోడలు దాటి పెరట్లోకి పోయి, గడ్డి మీద మంచు కరిగి, కుండీలో మామిడి మొక్క పూతకొచ్చి, వెచ్చదనానికి కంగారూలొచ్చి కంచె పక్కన బారులు తీరి పడుకుని, మా మలుపు దగ్గరికి రాగానే ట్రామ్‌లో జనమంతా కోట్లు విప్పేస్తుంటే, డ్రైవర్ దిగొచ్చి కాస్త తగ్గించండి సార్ అని బతిమాలుకున్నాడు."

"హీట్ పంప్‌కి బయటుండే పెట్టె చల్లగాలి కదండీ వదిలేది?" అన్నాడు హనుమయ్య.

"అది మామూలు వాళ్ళు బిగిస్తే."

శనివారం ఎన్నింటికి మొదలుపెడదామని శేషాద్రి అడగనే అడిగాడు. ఇక ఊరుకుంటే లాభం లేదనుకుంది కౌసల్య.

"వేడి సంగతి సరే అన్నయ్యగారూ, దోసెల పిండి పులుస్తుందా? ఈ చలికి నేను బాయిలర్ పక్కనే పెట్టుకుంటాను."

"పులవడమా చెల్లెమ్మా! మా ఆవిడ నీలిమ మొన్న గిన్నెలో పోసి మూత పెట్టి ఇటు తిరిగిందో లేదో, మూత ఎగిరి సీలింగుకు తగిలింది. పిండి వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి వీధిలోకి పారింది. వీధి వీధంతా ఆ ఉదయం దోసెలే. ఆస్ట్రేలియా వాళ్ళు కూడా చట్నీ అడిగారు."

కౌసల్య లేచి బాయిలర్ ఉన్న లాండ్రీ గదిలోకి వెళ్ళింది. అక్కడ రెండు గిన్నెలున్నాయి. ఒకటి తనది. రెండోది ఊలు శాలువా చుట్టి ఉంది. దాన్ని తెచ్చి ఈశ్వరప్రసాద్ ముందు పెట్టింది.

"మీ ఇంటి పిండే అన్నయ్యగారూ. మీరు హీట్ పంప్ బిగించిన దగ్గర్నుంచీ మీ ఇంట్లో పులవట్లేదని నీలిమ రోజూ ఇక్కడే పెట్టి వెళ్తోంది. ఇవాళ బాగా పొంగింది, తీసుకెళ్ళండి."

శేషాద్రి ఆ శాలువా వైపు చూశాడు. పోయిన వారం నీలిమ భుజాల మీద ఉన్నది అదే. అతను మెల్లగా ఫోన్ తీసి, వచ్చే నెలైనా పర్లేదని ప్లంబర్‌కి మెసేజ్ పెట్టాడు.

"ఆ ప్లంబర్‌నే మీ ఇంటికీ పంపిస్తాం," అంది కౌసల్య, ఈసారి కాస్త మెత్తగా. "పాపం నీలిమ చలికి దగ్గుతోంది."

పిండికి అప్పుడప్పుడూ గాలి మార్పు కావాలి కదా అని ఈశ్వరప్రసాద్ ఏదో గొణిగాడు. హనుమయ్య లేచి తలుపు తీసి పట్టుకున్నాడు. బాయిలర్ని ఒంటిచేత్తో మోసిన మనిషి, పిండి గిన్నెను రెండు చేతులతో పొదివిపట్టుకుని, ఎక్కడ తొణుకుతుందోనని అడుగులో అడుగు వేసుకుంటూ చలిలోకి నడిచాడు.