దుంప తెగిన లిల్లీ

"మామ్మగారూ, వీధి గుమ్మం నుంచి నూతి దాకా ఇన్ని ఎర్ర లిల్లీలు ఎవరు వేసేరండీ?"

ఎవరు వేసేరంటే ఏం చెప్పనమ్మా కెజియా, అదో పెద్ద గొడవ. ఆ పీట లాక్కుని అలా కూచో. నువ్వు మా మనవడి చెయ్యి పట్టుకుని ఈ ఇంటికొచ్చి నెలన్నా కాలేదు గనక నీకు తెలీదు గానీ, ఈ లిల్లీల మూలాన మీ తాతగారికీ నాకూ ఒకప్పుడు మాటలు పోయేయి. అదిగో, ఆ పడక్కుర్చీలో ముసిముసిగా నవ్వుతున్నారు చూడు. చెవులు వినపడవు, గానీ తన మీదే చెబుతున్నానని మాత్రం తెలిసిపోద్ది ఆయనకి.

మొదట్లో ఒక్కటే దుంప. లిల్లీ అంటే దండల్లో గుచ్చే తెల్లది అనుకునేవు, అది కాదు, ఇది బూరాలాగ విచ్చుకునే ఎర్రది. దుంప పెద్ద ఉల్లిపాయంత ఉంటుంది. నా పెళ్ళికి మా అమ్మ ఇచ్చింది. సారెలో పెట్టి... కాదు కాదు, సారెతో కాదు, మర్నాడు నేను పడవెక్కబోతుంటే పరిగెత్తుకొచ్చి ఒళ్ళో పడేసింది. పట్టుచీరంతా మట్టి. మాది అంతర్వేది వెళ్ళే దారిలో ఏటిగట్టు పక్కన ఊరులే. అమ్మ పోయేక ఓ వరదకి గట్టు కోసుకుపోయి, ఇల్లూ వాకిలీ అన్నీ గోదాట్లో కలిసిపోయేయి. అమ్మది అంటూ నాకు మిగిలింది ఆ దుంపే. ఏటా ఈస్టరు ముందు ఒక్క కాడ వేసేది. ఆ పువ్వులు చర్చిలో బల్ల మీద పెట్టి, వచ్చేవా అమ్మా అనుకునేదాన్ని మనసులో.

మరి మీ తాతగారు మంచాయనే గానీ, చేతికి గునపం దొరికితే ఆగరు. ఆ ఏడు కందకి మంచి ధర పలికిందని, కొబ్బరితోటలో వేసింది చాలక పెరట్లో కూడా వేస్తానని బయల్దేరేరు. నేను నూతి దగ్గర చేపలు తోముకుంటున్నాను. తవ్వుతున్నారు, తవ్వుతున్నారు, ఉన్నట్టుండి చప్పుడాగిపోయింది. ఏవైందా అని వెళ్ళి చూద్దును కదా, మా అమ్మ లిల్లీ పెల్లగిలి పడుంది, దుంప సరిగ్గా నడిమికి రెండు చెక్కలు. నాది నోటి దురుసు, అందరికీ తెలిసిందే, అలవాటుగా "మీ దుంపతెగ" అనేసేను. తిట్టినా మీరు అనే తిడతాన్లే, మొగుడు కదా. ఆయన ఆ రెండు చెక్కలూ చేతుల్లో పట్టుకుని, పాపం, "నాది కాదే, దీనిదే తెగింది" అన్నారు.

ఇప్పుడంటే పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతున్నాం గానీ, అప్పుడు నవ్వలేదు తల్లీ. అక్కడే కూలబడి ఏడ్చేను. ఆయనతో మాట మానేసేను. అలిగి పుట్టింటికి పోదామంటే పుట్టిల్లు గోదాట్లో ఉందాయె, ఎక్కడికి పోను? వంటింట్లోనే ఉండి గోడకి చెప్పేదాన్ని, అన్నం వడ్డించేనని చెప్పమ్మా అని. ఆయనా గోడకే చెప్పేవారు, పులుసులో ఉప్పు చాల్లేదని చెప్పవే అని. మీ ఆయన అప్పుడు నిక్కర్లేసుకునే వయసు. వాడికి ఇదో ఆటైపోయి, వాడూ గోడతోనే మాట్లాడ్డం మొదలెట్టేడు.

దుంప తెగిన సాయంత్రమే, కాదు, మర్నాడు అనుకుంటా, నూతి దగ్గర్నించి వస్తున్నాను. ఈయనగారు కత్తిపీట ముందేసుకుని మా అమ్మ దుంపని ముక్కలు కోస్తున్నారు. నరికింది చాలక తరుగుతున్నారు, పులుసు పెట్టేస్తారు కాబోలు అనుకున్నాను. మాట మానేసేనన్న సంగతే మర్చిపోయి, కత్తిపీట ఇవతలకి లాగేసి, "ఏం చేస్తున్నారండీ మా అమ్మని?" అన్నాను.

"కంద కోసి పాతట్లేదా, ముక్కకో మొక్క రావట్లేదా? ఇదీ దుంపే కదే. వేళ్ళొచ్చే అడుగు ప్రతి ముక్కకీ కాస్త ఉంచేను. చూద్దాం" అన్నారు. కత్తిపీట ఇచ్చేసేను. ఇచ్చేసి మళ్ళీ గోడతోనే మాటలు.

అచ్చం కంద విత్తనానికి చేసినట్టే చేసేరు. ముక్కలు పేడనీళ్ళలో ముంచి, నీడపట్టున ఆరబెట్టి, కొబ్బరి చిప్పల్లో ఇసకా కొబ్బరిపొట్టూ పోసి గుచ్చేరు. గొడ్లపాకలో వరసగా పెట్టేరు. లిల్లీకి కంద వైద్యమా అని ఊరంతా ఒకటే నవ్వు. నేనూ నమ్మలేదు. నమ్మలేదు గానీ, పొద్దున్నే ఆయన చూడకుండా వెళ్ళి చిప్పలు చూసొచ్చేదాన్ని. ఆయన నేను చూడకుండా వెళ్ళొచ్చేవారట. ఓ పొద్దున్న ఇద్దరం పాకలో దొంగల్లాగ ఎదురుబొదురు పడ్డాం. సగం ముక్కలు కుళ్ళిపోయేయి, ఆయ్. మిగిలిన వాటికి పొరల సందులో బఠాణీ గింజంత తెల్లటి పిల్లదుంప, దాని నెత్తిన పచ్చటి మొన. అరవై దాటినదాన్ని, మోకాళ్ళ నొప్పులదాన్ని, ఆ పాకలో గెంతేను. "మీ దుంపతెగ, బతికేయండీ ఇవి" అన్నాను. ఆ తిట్టు విన్నప్పుడు చూడాలి నువ్వు ఆయన మొహం, పండగే.

కాస్త ఎదిగేక వాటిని గుమ్మం నుంచి నూతి దాకా వరసగా నాటేరు. పువ్వుకి మాత్రం తొందర పడలేదవి. రెండు మూడేళ్ళు ఉత్త ఆకులే. తర్వాత ఓ ఏడు, ఈస్టరు ముందు, పొద్దున్నే తలుపు తీద్దును కదా, గుమ్మం నుంచి నూతి దాకా ఎరుపే ఎరుపు. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చేయి. ఆయన్ని లేపి, రెక్క పట్టుకుని లాక్కొచ్చి అడిగేను, "ఏవండీ, ఇందులో మా అమ్మ ఏదండీ?" అని.

ఆయన లుంగీ సర్దుకుని, ఇటు చూసి అటు చూసి, "అన్నీ మీ అమ్మగారేనే. ఇదివరకు నాకు ఒక్క అత్తగారే. ఇప్పుడు వాకిలంతా అత్తగార్లే, ఎటు తిరిగినా నన్నే చూస్తున్నారు" అన్నారు.

ఇంద, ఈ దుంప పట్టుకెళ్ళు. అమలాపురంలో మీ అద్దింట్లో, బాల్కనీలో కుండీ చాలు. మెడ పైకుండేలా పాతు, మొత్తం కప్పెట్టేకు. నీళ్ళు మరీ పోసేకు, కుళ్ళిపోద్ది. పొద్దుటెండ తగిలితే చాలు. ఇంకోటి, మా మనవడు ఎప్పుడన్నా నిన్ను కష్టపెట్టేడనుకో, నువ్వేమీ అనకు. కుండీ కాస్త వాడికేసి తిప్పి పెట్టు. మిగతాది మా అమ్మ చూసుకుంటుంది. చల్లగా ఉండండి తల్లీ ఇద్దరూ.