వెనక కాళ్ళు

సెమిలిగుడ లారీల రోడ్డు వెనకనున్న కర్రల షెడ్డులో, ఆదివారం పొద్దున్న. పెద్ద ఊళ్ళ మ్యూజియాలకి కూడా బెంచీలు చేసి పేరు తెచ్చుకున్న మేస్త్రి ఢిల్లీశ్వరరావు ఒకరు. లమ్తపుట్ ఆసుపత్రి నర్సు పద్మకుమారి ఇంకొకరు.

"ఈపాలి ఏటి సెప్తారు మేస్త్రి గారూ? కర్ర ఆరలేదనా?"

"ఆరిందండీ. కర్రతో ఇబ్బంది నేదు."

"మరి?"

"కాళ్ళు."

"పోయిన నెలా కాళ్ళే అన్నారు."

"అవి ముందు కాళ్ళు. ఇవి వెనక కాళ్ళు."

"నాలుగేళ్ళయింది మేస్త్రి గారూ. నేను బెంచీ సెప్పిన వారం మా వార్డులో పుట్టిన పిల్ల, ఇప్పుడు సంచీ తగిలించుకుని అంగన్‌వాడీకి వెళ్తంది."

"బాగుందాండీ పిల్ల?"

"బాగుంది. మాట మార్చకండి."

"మార్సనేదు. కాఫీ తాగుతారా?"

"తాగుతాను. ఢిల్లీ మ్యూజియమ్‌కి మూడు నెలల్లో సేసిచ్చేరంట గదా. మీ ఫొటోతో పేపర్లో పడింది."

"ఆళ్ళది సులువండి. చుట్టూ తాడు కట్టి, ముట్టుకోవద్దని బోర్డెట్టేరు. మీరు కూకుంటారు."

"రిటైరయ్యే లోపు కూకుంటే బాగుణ్ణు."

"అంత తొందరేటండీ ఇప్పుడు?"

"ట్రాన్స్‌ఫరయింది."

"ఎవరికి?"

"నాకే. రాయగడ. బుధవారం జాయినవ్వాలి."

"బుధవారమా."

"బుధవారమే."

"ఏ బుధవారం?"

"వచ్చే బుధవారం మేస్త్రి గారూ."

"రాయగడ దూరం."

"రైలుంది."

"రైలుంది లెండి. అయితే, అయ్యాక పంపిస్తాను."

"ఎప్పుడు?"

"అయ్యాక."

"ఉండండి. ఎంతవరకు వచ్చిందో నేనే లోపలికెళ్ళి సూస్తాను."

"వద్దండి. లోపలంతా రంపప్పొట్టు."

"నర్సునండీ నేను. పొట్టుకి భయపడతానా?"

"ఎలకలున్నాయి."

"ఎలకలా?"

"పెద్దవి."

కాఫీ గ్లాసులతో మేస్త్రి అక్క సూర్యకాంతమ్మ వచ్చింది.

"ఏ ఎలకలూ నేవు అమ్మీ. ఆ మూల గోనెపట్టా కింద ఉన్నాది నీ బెంచీ. అయిపోయి రెండేళ్ళు దాటింది."

"అప్పా, నువ్వు లోపలికెళ్ళు."

"ఎళ్ళనురా తమ్ముడా. నాకూ ఓపిక ఉండాల గదా. అమ్మీ, ప్రతి నెలా నువ్వొచ్చే రెండో ఆదివారం పొద్దున్నే లేచి గెడ్డం గీసుకుంటాడు. మిగతా రోజులు ఎలాగుంటాడో నువ్వు సూడనేదు."

"అప్పా."

"ఉతికిన సొక్కా ఏసుకుంటాడు. మరదలు పోయి పన్నెండేళ్ళయింది. ఇన్నాళ్ళూ పండక్కైనా ఏసుకోమంటే ఏసుకోనేదు."

"పట్టా తియ్యండి మేస్త్రి గారూ."

"దుమ్ముంటాదండి."

"నేనే తీస్తాను. పక్కకి జరగండి. ఇదేటి, వారం వారం తుడుస్తున్నట్టు మెరిసిపోతంది."

"పనస కర్ర అలాగే మెరుస్తాది."

"మేకు ఒక్కటీ లేదు. అతుకెక్కడుందో వేలికి తగలట్లేదు. మేస్త్రి గారూ, ఇది ఐదడుగులుంది."

"ఉంటాది."

"నేను మూడడుగులు సెప్పేను. ఒక్క మనిషి కూకోడానికి సాలన్నాను."

"కొలత తప్పిందండి."

"మీకా?"

"ఒకోపాలి తప్పుతాది."

"కూకుంటున్నాను. అరే. ఈ కుడిపక్క వంపు సరిగ్గా నా నడుం దగ్గరికొచ్చింది."

"మీరు నిలబడితే కుడిపక్కకి ఒరుగుతారు. రాత్రి డ్యూటీలకి నడుం పట్టేస్తందేమో అనుకున్నాను. అది సూసి సేసేను."

"ఎప్పుడు సూసేరు?"

"మీరు కర్రలు సూస్తన్నప్పుడు."

"ఎడంపక్క వంపు లేదేటి?"

"అది, అది ఊరికే. కాఫీ గ్లాసు పెట్టుకోడానికి."

"రెండడుగుల గ్లాసా?"

"నవ్వకండి పద్మకుమారి గారూ."

"నవ్వట్లేదు. రెండేళ్ళ నుంచీ అయిపోయిందని ఒక్క మాట ఎందుకు సెప్పలేదు?"

"సెప్తే పట్టికెళ్ళిపోతారు."

"బెంచీ సేయించుకున్నది అందుకే గదా."

"అవును. పట్టికెళ్ళిపోయాక మరి రారు గదా. అందుకని కాళ్ళు సెప్పేను."

"ముందు కాళ్ళు, వెనక కాళ్ళు."

"తప్పే. సెమించండి. ఇవాళే పంపించేస్తాను. కానీ అక్కడ దాన్ని మద్దెమద్దెన సూసుకోవాల. నెలకోపాలి రాయగడ వచ్చి బిగించి వెళ్తాను."

"మేకు లేని బెంచీకి ఏటి బిగిస్తారు?"

"వచ్చాక సూస్తాను."

"సరే, రండి."

"రమ్మన్నారా?"

"రమ్మన్నానండీ. ఇప్పుడైతే ముందు కూకోండి. ఆ గ్లాసు కింద పెట్టి, ఎడంపక్క కూకోండి."

"కూకోరా తమ్ముడా, అలా సూస్తావేటి. అమ్మీ, నాను రోడ్డు మీదకెళ్ళి వ్యాను పిలుస్తాను. మీరు కాఫీ తాగేలోగా ఎక్కించేద్దురుగాని."

"వ్యాను వద్దప్పా, బెంచీ ఇక్కడే ఉండనీ. లమ్తపుట్‌లో నాదొక్కటే గది, మంచం వేస్తే తలుపు సగమే తెరుసుకుంటాది. అందులో బెంచీ ఎక్కడ వేస్తారని నాలుగేళ్ళలో ఈయన ఒక్కపాలైనా అడుగుతాడేమో అని ఎదురుసూసేను."