నా పేరు మీద పోయిన సాంసన్

జర ఆ ఫోన్ బంద్ చెయ్యి స్రవంతీ. విమానం పడ్డ ముచ్చట నాకు చూపియ్యకు బిడ్డా. ఎందుకంటవా? మీ నాయిన చెప్పలేదా ఎన్నడు? కూసో మరి. మన కొడకండ్లల సాంసన్ అని నా దోస్తు ఉండె. చర్చి ఎన్కాల ఇల్లు. సుతారి పని. వాడు గోడ పెడితె దారం పట్టి గీసినట్టుండేది. నవ్విండంటె సందు చివరిదాంక ఇనొచ్చేది. నాకు దుబాయ్ వీసా అచ్చిన యేడే మా అవ్వకు పక్షవాతమచ్చి మాట పడిపోయింది. నేను పోనన్న. 'అరేయ్ రాజలింగు, నువ్వు పోకుంటె నన్నన్న పంపియ్‌రా' అన్నడు సాంసన్. ఏజెంటు నా పాస్‌పోర్టు మీద వాని ఫోటో అతికిచ్చిండు. గంతే, నా పేరు మీద వాడు దుబాయ్ పోయిండు. ఉత్తరం రాస్తె కింద 'నీ రెండో రాజలింగు' అని రాసేటోడు, దొంగ నా కొడుకు.

రెండేండ్లకు అస్తున్ననని రాసిండు. గా విమానం మన దేశంల దిగేకాడనే గుట్టకు గుద్దుకున్నది. ఒక్కలు మిగల్లే. మూడోనాడు పోలీసాయన మా వాకిట్లకచ్చి, 'రాజలింగు సచ్చిపోయిండు, ఇంటోళ్లెవరు?' అన్నడు. నేను లోపట అన్నం తింటున్న. అవ్వ మంచంల నుంచి నా దిక్కు చూసి చెయ్యి ఊపింది. పాపం, కొడుకు కోసం ఏడుస్తున్నదనుకున్నడాయన. నేను బయటికి రాలే బిడ్డా. జైల్ల ఏస్తరని భయం. ఎన్క దర్వాజ నుంచి దంతాలపల్లికి, మా అక్కోళ్లింటికి ఉరికిన. సాంసన్ భార్య బుచ్చమ్మ గాడికే అచ్చింది. 'అన్నా, సచ్చింది నేను కాదు, సాంసన్ అని పోలీసోళ్లకు ఒక్కమాట చెప్పు. మనిషిని తెచ్చుకొని మన మట్టిల పెట్టుకుంట' అన్నది. రేపు చెప్తనన్న, ఎల్లుండి చెప్తనన్న. గీ లోపట గుర్తు పట్టరానోళ్లందర్ని ఒక్క కాడనే బొంద పెట్టిన్రట. ఆమె నన్ను ఒక్కమాట తిట్టలే. తిడితె మంచిగుండు.

ఆరేండ్ల కింద గా గుట్ట కాడ సచ్చిపోయినోళ్ల పేర్లు చెక్కి రాయి నిలబెట్టిన్రు. రాజలింగు ఇంటోళ్లు రావాల్నని కాయితం మా ఇంటికే అచ్చింది. ఎవలస్తరు? బుచ్చమ్మను తోల్కపోయిన. రెండు దినాలు రైలు. నల్లరాయి, ఇంగ్లీషు పేర్లు. ఆమెకు సదువు రాదాయె. 'ఏదన్నా, మా ఆయన పేరు?' అన్నది. ఏమని చెప్పుదు? ఆమె చెయ్యి పట్టుకొని నా పేరు మీద పెట్టిన. ఒక్కొక్క అచ్చరం వేలుతోని తడుముకుంట పోయింది. 'సాంసన్ పేరు గింత పొడుగుంటదా అన్నా?' 'ఇంటిపేరు గూడ కలిపిన్రు' అన్న. తల ఊపింది. కొంగుతోని రాయి తుడిసి, తల ఆనిచ్చి, 'ఇంటికి రారాదయ్యా' అన్నది. నేను గాడనే నిలవడ్డ, చెప్పులు చేతుల పట్టుకొని.

ఆమెకు తెల్సో, తెల్వదో. అడుగుదామని ఎన్నిసార్లు గా సందుల పోయిన్నో. 'తిన్నవా అన్నా?' అనేది. తిన్న అనేటోన్ని, ఎన్కకు మర్లేటోన్ని. పోయిన యేడు ఆమె గూడ పోయె. ఇగ...

మొగులైతున్నది సూడు. కల్లంల మిర్చి ఆరబోసి ఉన్నది. ఆ పట్ట గుంజుకరా, పా.